నాచులోయ తాడు దగ్గర బ్రష్షు

నేను ఒక బ్రష్షును. పళ్లు తోమేదాన్ని కాను లెండి, బూట్లు తోమేదాన్ని. తణుకు పక్కన ఒక షెడ్డులో పుట్టి, దుకాణం చూసి, పెట్టెలో పడి, ఓడెక్కి అంటార్కిటికా చేరాను. బూట్లు దులపడానికి ఇంత దూరమా అని నవ్వకండి. ఇక్కడ మంచు కరిగిన చిన్న లోయలో వేలి గోరంత ఎత్తు నాచు పెరుగుతుంది. అనుమతి లేనిదే అందులో ఎవరూ అడుగుపెట్టకూడదు. అనుమతి ఉన్నవాళ్లయినా బయటి గింజ ఒక్కటి మోసుకు రాకూడదు. అది మొలిచిందంటే నాచు పని అయిపోయినట్టే.

అందుకే నేనెవర్నీ నమ్మను. మనిషి కనబడితే చాలు, మేజోళ్లలో ఏం తెచ్చాడో, జేబు మూలల్లో ఏం దాచాడో అని నా ప్రాణం కొట్టుకుంటుంది.

నన్ను పట్టే చెయ్యి భార్గవిది. లోయ కాపలా ఆవిడ ఉద్యోగం. ఆవిడదీ నా గుణమే. పోయిన నెల సామాను మోయడానికని అనుమతి సంపాదించి, లోయ చూడబోతున్నానని మురిసిపోతూ వచ్చాడు మా వంటాయన అప్పలస్వామి. మేజోడులో గడ్డిగింజ దొరికింది. సరిహద్దు తాడు దగ్గర్నుంచే వెనక్కి పంపేసింది. పాపం, ఆయన ముఖం ఇంత చిన్నదయింది.

ఈ రోజు ఆవిడ వంతు. అయిదేళ్ల కిందట చదువుకునేటప్పుడు తాను గుర్తుపెట్టిన నాచు ఎంత పెరిగిందో కొలవాలి. వచ్చే వారమే ఆవిడ ఇంటికెళ్లే ఓడ. మళ్లీ ఇక్కడికి వస్తానన్న నమ్మకం ఆవిడకి లేదు. ఇద్దరు శాస్త్రవేత్తల్ని దులిపి తాడు దాటించింది. టీ ఫ్లాస్కుతో వచ్చిన అప్పలస్వామి ఇవతలే నిలబడ్డాడు.

ఇంటి నుంచి తెచ్చుకున్న కోటు భార్గవి తానే దులుపుకుంది. ఆవిణ్ణి తనిఖీ చేసేదెవరు? అదే నా అనుమానం. లోపలి జేబు అంచున గట్టిగా రుద్దుకుంటుంటే కుట్టు ఊడింది. ఉప్పు, దానితో ఆవాలు, ఆవిడ అరచేతిలోకి జారాయి.

"అమ్మా! నాకు తెలీకుండా కుట్టేశావా?" అంది భార్గవి.

అప్పలస్వామి చూశాడు. వీడిప్పుడు కసి తీర్చుకుంటాడనుకున్నాను.

"దిష్టి ఆవాలు కదండీ. మాయమ్మా కట్టేది. నానేటీ సూణ్నేదు, మీరు ఎల్లిపోండి మేడమ్."

ఇదేం ఎరో అని అప్పటికీ నమ్మలేదు నేను.

"మిమ్మల్ని ఒక్క గింజకే పంపేశాను, అప్పలస్వామిగారూ," అంది. తాడవతలి వాళ్లకి చెయ్యి ఊపి, "మీరు వెళ్లండి, నేను రావట్లేదు," అని కేకేసింది. పుస్తకంలో అప్పలస్వామి పేరు కిందే తన పేరు రాసుకుంది. కళ్లు తుడుచుకుంది. ఆవాలు సంచీలో వేసి మూతి బిగించి, నన్ను ఆయనకిచ్చింది.

ఆయన నన్ను తిరగేసి, కుచ్చు విడదీసి చూశాడు. నన్నా! ఎంత పొగరని మండిపడ్డాను.

"దీంట్లో ఇంకోటుందండి," అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు నన్నూ ఆ ఆవగింజనీ ఒకే సంచీలో కట్టి ఓడెక్కించారు. ఇంటికి పోతున్నాం. తేమ తగిలితే మొలుస్తుందేమోనని దానిమీద ఒక కన్నేసి ఉంచాను. అదీ నన్నలాగే చూస్తోంది.