ముందే తీర్చిన మొక్కు

సత్యశ్రీ తీస్తున్న సినిమాకి సముద్రం కావాలి. భిలాయిలో ఇనుముంది, బొగ్గుంది, ఉతికి ఆరేసిన బట్టల మీద వాలడానికి కావలసినంత దుమ్ముంది, సముద్రమే లేదు. అందుకని సెక్టర్ 2లో పక్క క్వార్టర్ చిన్నమ్మలు మామ్మ చేటలో బియ్యం పోసి అటూ ఇటూ ఊపింది. కళ్లు మూసుకుని వింటే భీమిలి ఒడ్డున కూర్చున్నట్టే ఉంది.

సినిమా అంటే పావుగంట వీడియో, అంతే. తెలుగు సంఘం వార్షికోత్సవంలో వేయాలి. కథ సత్యశ్రీ నాన్న గోవిందరావు చిన్నప్పుడు వాచకంలో చదువుకున్న పాత కథ. సముద్రం మీద చేపల వేటకెళ్లిన కొడుకు తిరిగి రాడు. ఊరంతా ఆశ వదులుకుంటుంది. చూపు సరిగా ఆనని తల్లి మాత్రం రోజూ సందెవేళ దీపం వెలిగించి, కంచంలో అన్నం పెట్టి, మూత వేసి కూర్చుంటుంది. ఏళ్లు గడిచాక ఒకనాడు తలుపు చప్పుడవుతుంది.

ఈ సంగతి విని సంఘం కార్యదర్శి గణపతిరావుగారు అందరిముందూ నవ్వేశారు.

"ఇక్కడ పుట్టిన గుంటలు కలలు కూడా హిందీలోనే కంటారు. మీరు తెలుగు కథ తీస్తారేటమ్మా?"

ఆ మాట సత్యశ్రీకి ముల్లులా గుచ్చుకుంది, నిజం కాబట్టి. ఆమె రాసుకున్న మాటలు తెలుగువే, అక్షరాలు మాత్రం హిందీవి. సినిమా మధ్యలో ఆగిపోతే ఆయన మాటే నిలబడుతుంది. ఇక జన్మలో తెలుగులో ఏదైనా చేస్తాననే ధైర్యం తనకి మిగలదని ఆమెకి తెలుసు.

ఆగిపోవడానికి కారణాలకేం కొదవ లేదు. కొడుకు వేషం వేసే నూకరాజు ప్లాంటులో అప్రెంటిస్. క్యాంప్ 1 నుంచి సైకిల్ మీద వస్తాడు, అదీ షిఫ్టు కనికరిస్తేనే. కెమెరా వాసుదేవరావుది. ఆయన పెళ్లి వీడియోలు తీసే మనిషి. ముహూర్తాలు లేని రోజే వస్తాడు, వచ్చినా ఏడుస్తున్న తల్లి చుట్టూ గులాబీల చట్రం పెడదామంటాడు. సోమవారం నుంచి వరసగా ముహూర్తాలే. తలుపు తీసే ఆఖరి దృశ్యం ఆ ఆదివారం అయితే అయినట్టు, లేకపోతే లేదు.

నూకరాజుని ఎంచుకున్నదే అతని ఉంగరాల జుట్టు చూసి. మొదటి దృశ్యంలో తల్లి వేషం వేసిన చిన్నమ్మలు ఆ జుట్టుకి నూనె రాస్తూ, "ఈ రింగులు ముట్టుకుంటే సాలురా, సీకట్లోనైనా నిన్ను పోల్చుకుంటాను" అంటుంది. ఆఖర్న అలాగే పోల్చుకోవాలి. సినిమా అంతా ఆ జుట్టు మీదే నిలబడింది.

ఆ నూకరాజు విజయనగరంలో మేనమామ కూతురి పెళ్లికెళ్లి, ఆదివారం పొద్దున్న బండి దిగి నేరుగా షూటింగుకి వచ్చాడు. నెత్తిన టోపీ ఉంది. సత్యశ్రీ తీయమంది. తీశాడు. నున్నటి గుండు.

వాసుదేవరావు నోరు వెళ్లబెట్టాడు. చేటలో బియ్యం ఆగిపోయింది.

"ఏటిరా ఇది?" అంది సత్యశ్రీ.

"సింహాచలం అప్పన్నకి ఇచ్చీసాను దీదీ. మన సినిమా బాగా అయిపోతే తలనీలాలిస్తానని మొదటిరోజే మొక్కుకున్నాను."

"పాగల్! అయ్యాక కదరా ఇవ్వాలి! ఇంకా అవ్వనే లేదు!"

"అయిపోతాది కదా" అన్నాడు వాడు, అందులో అనుమానమెందుకన్నట్టు. "అంతదూరం ఎల్లి ఉత్తసేతుల్తో ఎలాగొస్తాను? మళ్లీ సెలవెప్పుడిస్తారో. అందికే ముందే ఇచ్చీసాను."

సత్యశ్రీ పెరటి గట్టు మీద కూలబడింది. లోపల వాసుదేవరావు ఆ గుండుకి తలపాగా చుట్టి చూస్తున్నాడు. కొత్త పెళ్లికొడుకులా ఉన్నాడు నూకరాజు. గణపతిరావుగారికి ఏం సాకు చెప్పాలా అని వెతుక్కోబోతే, అది అప్పటికే మనసులో తయారుగా ఉంది. ఎప్పట్నుంచో ఉంది. ఆ సంగతి తెలిసేసరికి ఆమెకి సిగ్గేసింది. ఆశ గురించి సినిమా తీస్తూ, అది పూర్తవుతుందని తనే నమ్మలేదు. ఈ వెర్రిబాగులవాడు నమ్మి, నెత్తి మీదున్నదంతా ఇచ్చేసి వచ్చాడు. కోపం ఎటు పోయిందో తెలియలేదు. కళ్లు తుడుచుకుని లోపలికెళ్లింది.

"వాసుదేవ్ భయ్యా, తలపాగా తీసెయ్. కెమెరా చలాయించు. మామ్మా, నేను రాసింది వదిలెయ్. నీకేటి తోస్తే అదే అను."

వార్షికోత్సవం రోజు హాలు నిండిపోయింది. తెర మీద తలుపు చప్పుడైంది. తల్లి తడుముకుంటూ వచ్చి గడియ తీసింది. గుమ్మంలో గుండు కనిపించగానే హాలంతా గొల్లుమంది. సత్యశ్రీ కుర్చీ అంచుకి జరిగింది. పక్కన టోపీలో కూర్చున్న నూకరాజు టోపీని ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

తెర మీద తల్లి చెయ్యి చాపింది. రింగుల కోసం వెతికిన వేళ్లు నున్నటి తల మీద ఆగిపోయాయి. నవ్వులు సన్నగిల్లాయి. ఆ వేళ్లు మెల్లగా తలంతా తడిమాయి, నుదుటి మీదికి దిగాయి.

"మొక్కుకున్నావేట్రా, నాయనా?" అంది. "నన్ను సేరాలని మొక్కుకున్నావా? నానొక్కదాన్నే ఎదురుసూస్తన్నాననుకున్నాన్రా ఇన్నాళ్లూ!"

షూటింగు రోజు వాసుదేవరావు గులాబీల చట్రం సంగతే మరిచిపోయాడు. తల్లి కంచం మీది మూత తీసింది, కొడుకు కూర్చున్నాడు. వెనక వరసలోంచి ఎవరిదో ఆడగొంతు, "సింహాద్రి అప్పన్నా!" అని లేచింది. ఆ వెంటనే హాలు హాలంతా అందుకుంది. సత్యశ్రీ కూడా అంది, గొంతు బొంగురుపోయేదాకా.

దీపాలు వెలిగాక గణపతిరావుగారు కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చారు. ఒకసారి దగ్గారు.

"వాచకంలో కథ నానూ సదివినానమ్మా. అందులో తల్లి ఆశే ఉంది. కొడుక్కీ ఉంటాదని ఇన్నాళ్లూ నాకు తోచనేలేదు." మళ్లీ దగ్గారు. "వచ్చే ఏడు ఏటి తీస్తావు?"

సత్యశ్రీ ఆలోచించుకోకుండానే తెలుగులో జవాబిచ్చేసింది.

"మా నూకరాజు జుట్టు పెరగనీయండి బాబాయ్, చెప్తాను."