ఆరు వారాల లెక్క

వాష్‌బేసిన్‌లో రక్తం కడగడానికి ల్యాబ్ గ్లవ్స్ తొడుక్కున్నాను. పదకొండేళ్ళుగా రోగుల నుంచి రక్తం తీసే దాన్ని, అలవాటు. "మొగుడి రక్తం ముట్టుకోవడానికీ గ్లవ్సేనా?" అన్నాడు ఆయన గుమ్మంలోంచి. అద్దం పగలగొట్టింది ఆయనే. చీలిన ఆ పిడికిలితోనే నా మూతి మీద గుద్దాడు. నా పెదవి రెండుగా తెగింది. అత్తయ్య ఆయన చేతికి కట్టు కడుతూ, "ఆ లివర్ జబ్బుతో నీకింత రక్తం పోతే ఎలారా?" అని నోరు జారింది.

ఏం జబ్బని నిలదీశాను. హెపటైటిస్ సి, రక్తం ద్వారా అంటుకునేది. తెలిసి రెండు నెలలైందట. మా ల్యాబ్ రెండు వీధుల అవతలే ఉన్నా, నాకు తెలియకూడదని ఊరి చివరకు వెళ్ళి పరీక్ష చేయించుకున్నాడు. "చెప్తే మంచం వేరు చేస్తావనీ..." అంది అత్తయ్య. ఆయన జబ్బు పడ్డాడన్న జాలి నాకు రవ్వంత కూడా కలగలేదు.

మర్నాడు ల్యాబ్‌లో మాస్కు కింద పెదవి దాచుకుని, హెపటైటిస్ సి ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుందని అబద్ధం చెప్పాను. "ఇన్నేళ్ళయినా సూది పట్టుకోవడం రాలేదా?" అని ల్యాబ్ ఓనరు అందరి ముందూ తిట్టాడు. తల వంచుకుని పడ్డాను. మా ల్యాబ్ డాక్టరమ్మ నా రక్తం తీయించింది. "ఇవాళ్టి రిపోర్టు పాత సంగతే చెప్తుంది. మూడు వారాలు దాటాక, ఆరు వారాల్లోపు వైరస్ పరీక్ష చేద్దాం. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య యాంటీబాడీలు చూద్దాం. తొందరపడి ముందే చేయించుకుని, ఏం లేదని మురిసిపోకు." ఈ మాటలు నేనే ఎంతమందికి చెప్పానో.

పంతొమ్మిదో రోజు ఫోన్ ఎత్తలేదని ప్లేటు విసిరాడు. నా నుదురు చిట్లింది. పగిలిన ముక్క పట్టుకుని మీదికొచ్చాడు. అది ఆయన అరచేతినే కోసింది. ఆ చేత్తోనే నా నుదురు గోడకేసి అదిమాడు. ఆయన రక్తం, నా రక్తం కలిసి కంట్లోకి కారాయి. నొప్పి తర్వాత తెలిసింది. ముందు తట్టింది మాత్రం లెక్క మళ్ళీ మొదటికొచ్చిందని. పంతొమ్మిది రోజులు బూడిదలో పోశాడు. ఒళ్ళు మండిపోయింది. రెండు చేతులతో తోస్తే కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు. లేచేలోపు బ్యాగు తీసుకుని బయటపడ్డాను.

"సూది కాదు మేడమ్. ఆయన చెయ్యి. అప్పుడూ, నిన్నా," అన్నాను మర్నాడు డాక్టరమ్మతో.

ఆవిడ నా నుదుటి గాయం చూసింది. "అయితే నిన్నటి నుంచి లెక్క పెట్టుకో. మధ్యలో మళ్ళీ రక్తం తగలకూడదు. ఎక్కడుంటావు?"

"హాస్టల్లో గది తీసుకున్నాను."

సాయంత్రం అత్తయ్య ఫోన్ చేసింది. "వాడి డాక్టర్ని అడిగానమ్మా. ఒకవేళ నీకొచ్చినా మూడు నెలలు మాత్రలు వేసుకుంటే పోతుందట. రిపోర్టు మంచిగా వస్తే ఇంకేం గొడవే లేదు. ఆరు వారాలేగా, అయ్యాక వచ్చెయ్."

"రిపోర్టు మంచిగా వచ్చినా రాను అత్తయ్యా," అన్నాను.