ఇంటిపేరు తాయారు

"ఒక్క మనిసికి అంత కారమెందుకే?" అంది జగ్గమ్మ, గడప మీద కూర్చుని చేటలో రాళ్ళేరుతూ.

ప్రయాణానికని రోట్లో మిరపకాయలు దంపుతున్న తాయారు రోకలి ఎత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఘాటు ముక్కుకెక్కింది గానీ తుమ్ము రాలేదు. "ఇద్దరం కదత్తా" అంది. "అదేలే, నోరు జారినాది. దంపు, దంపు" అంది జగ్గమ్మ. జగ్గమ్మ నోరు జారే మనిషి కాదు. ఊళ్ళో అన్నదమ్ములకి తగువొస్తే ఆవిణ్ణి పిలిపించుకుని మాట అడుగుతారు. తాయారుకి అత్తగారు కాకముందు మేనత్త, నాన్నకి అప్ప. పుట్టినప్పట్నుంచీ ఎరిగిన నోరది. కడుపులో ఉన్నది ఎప్పుడైనా ముందుగా బయటికొస్తుందేమో గానీ, లేనిది మాత్రం రాదు.

తాయారూ, మొగుడు నరసింగరావూ సెలవులకి నరసన్నపేట పక్కనున్న ఈ ఊరొచ్చి నెల దాటింది. వాళ్ళుండే దేశాన్ని ఊళ్ళోవాళ్ళు అబిసీనియా అంటారు, నరసింగరావు ఇథియోపియా అని దిద్దుతాడు. అరవై ఆరులో అతనికక్కడ బళ్ళో సైన్సు మేష్టరుగా ఉద్యోగమొచ్చింది. తాయారు వెనకాల వంటకని వెళ్ళింది. విజయనగరంలో లెక్కలు తీసుకుని బీయే, ఆపైన బీయీడీ చదివింది కదా అని ఎవరో అంటే, "సదువుకుంటే మాత్రం కూడొండదేటి?" అంది జగ్గమ్మ. వెళ్ళిన మూడో నెలలో, ఆ ఊరి ఆడపిల్లల బళ్ళో లెక్కలు చెప్పేవాళ్ళు లేక తాయారుని పిలిచారు. రెండు గంటలకి రమ్మన్నారు. అన్నం తిని, చీర మార్చుకుని మధ్యాహ్నం రెండింటికి వెళ్తే బడి తలుపులు మూసేస్తున్నారు. అక్కడ గంటలు పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లెక్క. వాళ్ళ రెండంటే మన ఎనిమిది. నరసింగరావు ఆ సంగతి కనబడ్డ ప్రతి మనవాడికీ చెప్పి నెల్లాళ్ళు నవ్వాడు. ఆ లెక్క తాయారుకి వారంలో ఒంటికి పట్టేసింది. పొద్దు చూసి పశువుల్ని విప్పే ఇంట్లో పుట్టింది మరి. ఏడాది గడిచినా గడియారం చూసి వేళ్ళు మడుచుకునేవాడు నరసింగరావే.

అక్కడ బతకడం ఎవరూ నేర్పలేదు. ఎముకల్లోకి దిగే చలి, మూడు నెలలు ఎడతెగని వాన, నీలగిరి కట్టెల పొగ, పులిసిన అట్టులాంటి ఇంజెరా. మొదట్లో వాసనకే మొహం తిప్పుకునేది. తరవాత్తరవాత బళ్ళో పిల్లలు తుంచి నోట్లో పెడితే తినేసేది. పొద్దున్నే లేచి అన్నం, పప్పూ వండి, అతని కేరేజి కట్టి, బూట్లు తుడిచి, తను బడికి పరిగెత్తేది. సాయంత్రం నలుగురు మేష్టర్లు మన వంట తిందామని దిగబడితే మళ్ళీ పొయ్యి. "నీదేముందిలే, కూడికలూ తీసివేతలూ" అనేవాడు నరసింగరావు. ఆ కూడికలే ఆమెకి ఊపిరి. నల్లబల్ల ముందు నిలబడి చేతికి సుద్ద అంటుకున్నంతసేపూ తను ఎవరి కోడలో, ఎవరి పెళ్ళామో ఆమెకి గుర్తొచ్చేది కాదు. వచ్చే ఏడాది పెద్ద క్లాసులు కూడా నువ్వే చెప్పాలని పెద్ద పంతులమ్మ కాగితం మీద సంతకం చేయించుకుంది. అదే వారంలో నరసింగరావు బజారు నుంచి మొహం మాడ్చుకుని వచ్చాడు. "ఉల్లిపాయలవాడు నన్నేమని పిలిచాడో తెలుసా? టీచరమ్మ మొగుడా అన్నాడు" అన్నాడు. తాయారు నవ్వింది. అతను నవ్వలేదు. నవ్వకుండా ఉండాల్సిందేమో అని ఇప్పుడు, రోకలి పట్టుకుని, అనుకుంటోంది.

మర్నాడు పెట్టెలో బట్టలు ఎండకి వేద్దామని తీస్తే ఆమె ఉన్నికోటు లేదు. ఇల్లంతా వెతికింది. సాయంత్రం జగ్గమ్మ మంచం మీంచి కాళ్ళు దించినప్పుడు కనబడింది. కోటు చేతులు రెండూ కత్తిరించి మోకాళ్ళకి తొడుక్కుని ఉంది ఆవిడ.

"నొప్పులకి ఎచ్చగుంటాదని మీ బావే కోసిచ్చేడే" అంది జగ్గమ్మ, మోకాలు నిమురుకుంటూ. "ఈ ఉక్కలో నీకు కోటెందుకు?"

"అక్కడికి కావాలి కదత్తా?"

జగ్గమ్మ బయట పెయ్య అరుస్తోందని చెవులు రిక్కించింది. పెయ్య అరవలేదు.

ఆ వారమంతా నరసింగరావు మంచిగా ఉన్నాడు. నరసన్నపేట నుంచి నేతచీర తెచ్చాడు. అన్నంలో ఉప్పెక్కువైనా ఊరుకున్నాడు. పెళ్ళయిన ఆరేళ్ళలో అడగని మాట, "తిన్నావా?" అని అడిగాడు. తిట్టినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు తాయారుకి. మద్రాసు వెళ్ళి పాసుపోర్టు గడువు పొడిగించుకొచ్చానని చెప్పాడు గానీ చూపించలేదు. అది ఇద్దరికీ కలిపి ఒకటే. అతని ఫొటో పక్కన ఆమె ఫొటో. అతను చెరువుకి స్నానానికెళ్ళినప్పుడు చొక్కాల అడుగునుంచి తీసి చూసింది. అతని ఫొటో అలాగే ఉంది. ఆమె ఫొటో మీద ఎర్రసిరాతో ఈ మూలనుంచి ఆ మూలకి ఒక గీత, కింద రద్దయినట్టు ముద్ర. గీత సరిగ్గా పెదాల మీదుగా పోయింది. మళ్ళీ చొక్కాల కిందే పెట్టి, మడతలు సరిచేసింది. ఏడుపు రాలేదు. కూడిక తప్పిందని తెలిసినప్పుడు మొదటి వరసకి వెళ్ళి చూస్తారే, అలా వెనక్కి వెళ్ళి చూసుకుంది. కారం, కోటు, చీర, తిన్నావా. అన్నీ సరిపోయాయి.

ఎవరితో చెప్పాలి? నాన్నతోనా? జగ్గమ్మ గీసిన గీత తమ్ముడు అప్పలసూరి ఏనాడూ దాటలేదు.

ఆ అప్పలసూరే బుధవారం మధ్యాహ్నం చీపురుపల్లి నుంచి చెప్పకుండా దిగాడు. లోపల అప్పకి కనిపించి, కాళ్ళు కడుక్కునే వంకతో నూతి దగ్గరికొచ్చి పంచె మొలలోంచి ఒక కవరు తీశాడు.

"మా పోస్టుమేన్ జోగయ్య లేడూ? నిన్న ఊరంతా ఇనబడేలా ఒకటే నవ్వు. 'ఏటి అప్పలసూరీ, ఇంటిపేరు ఎప్పుడు మార్చీసినావు, తాయారు అప్పలసూరి అని ఉన్నాది!' అని. పైదేశం బిళ్ళ సూసి నాకు కాళ్ళూ సేతులూ ఆడలేదు. మన ఇంటిపేరు తాయారేటే బుల్లీ?"

తాయారు నవ్వుతూనే ఇంటి గుమ్మం వైపు చూసింది. ఆ దేశంలో ఇంటిపేర్లుండవు. మనిషి పేరు, పక్కన తండ్రి పేరు. ఆడదానికి పెళ్ళయినా అంతే, పేరు మారదు. బడి రిజిస్టరులో రాసేటప్పుడు మీ నాన్న పేరేంటి, పుట్టిన ఊరేదని అడిగితే చెప్పింది. మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది కాబట్టి జోగయ్య దాన్ని తాయారువారి అప్పలసూరిని చేశాడు. ఆ తప్పే లేకపోతే ఉత్తరాన్ని అత్తారింటికి తిప్పేసేవాడు, అది ఈ గుమ్మంలోకొచ్చి నరసింగరావు చేతిలో పడేది.

నూతి గట్టు మీద కూర్చుని చదివింది. పెద్ద పంతులమ్మ రాసింది. మీరిక రారని మీవారు ఉత్తరం రాశారు. ఒప్పందం మీద సంతకం మీది, మీవారిది కాదు. మీ చేత్తో రాసిన మాట వచ్చేదాకా మీ పని ఇంకొకరికి ఇవ్వను. వచ్చేట్లయితే బడి తెరిచేలోపు ఒక ముక్క రాయండి.

"ఏటి రాసినారు?"

చెప్పింది. పాసుపోర్టు మీద గీత సంగతీ చెప్పింది. అప్పలసూరి చేంతాడు పట్టుకుని నీళ్ళలోకి చూస్తూ ఉండిపోయాడు. "అప్ప మోకాళ్ళు... ముసిల్ది..." అని ఏదో అనబోయాడు.

"నీ మోకాళ్ళు పట్టుకుపోతే అన్నయ్య చేత ఉద్యోగం మానిపిస్తావా నాన్నా?"

అతను చేంతాడు వదిలేశాడు. "వేరే పాసుపోర్టు కావాలి గదా. మొగుడి సంతకం అడిగితేనో?" అన్నాడు.

"అడిగితే అప్పుడు చూద్దాం. అడక్కముందే ఎందుకు భయపడాలి?"

ఉత్తరం వెనకాలే రెండు వాక్యాలు రాసి ఇచ్చింది. నేను ఉద్యోగం మానలేదు. ఆలస్యమైనా వస్తాను. కింద తాయారు అప్పలసూరి అని సంతకం చేసింది. "పేటలో పోస్టులో వెయ్యి. శుక్రవారం పొద్దున్న బావ బయల్దేరే వేళకి అక్కడే బండి మాట్లాడుకునిరా" అంది. వస్తానని గానీ రానని గానీ అనకుండా, అప్పకి చెప్పకుండానే వెళ్ళిపోయాడు అప్పలసూరి.

గురువారం నరసింగరావు ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని నోరు విప్పాడు. "అమ్మకి లేవలేకుండా ఉంది. ఈ ఏడాదికి నువ్విక్కడుండు. ఆర్నెల్లు పోయాక పిలిపిస్తాను. నువ్వు సర్దుకునే మనిషివి."

"మరి నా బడి?"

"నేనే రాసేశాను. వాళ్ళు వేరేవాళ్ళని పెట్టుకున్నారు కూడా. ఉత్తరం వచ్చింది."

"ఎప్పుడొచ్చింది?"

"మొన్న" అన్నాడు, రెప్ప వెయ్యకుండా.

తాయారు అతని మొహంలోకి చూసింది. ఇంకా ఎన్నాళ్ళు, ఎన్ని అబద్ధాలు ఇంత తేలిగ్గా చెబుతాడో లెక్క కట్టబోయి మానేసింది. "ఓహో" అంది, అంతే.

శుక్రవారం పొద్దున్నే సందు నిండా జనం. అరుగు మీద నరసింగరావు కోటు వేసుకుని, పెట్టె పక్కన పెట్టుకుని నిలబడ్డాడు. ప్రయాణానికి బయల్దేరేవాడికి పసుపూ కుంకాల ఆడది ఎదురు రావాలి. జగ్గమ్మ ఉన్ని తొడుక్కున్న మోకాళ్ళ మీద చేతులూనుకుని లేచి, "ఒసే తాయారూ! దొడ్డిగుమ్మంలోంచి తిరిగొచ్చి నీళ్ళసెంబుతో ఎదురు రాయే, ఆడికి ఏళైపోతన్నాది" అని కేకేసింది.

సందు చివర మలుపు తిరిగి తాయారు వచ్చింది. నుదుటి మీద రూపాయిబిళ్ళంత బొట్టు, నిండుగా పసుపు. చేతిలో చెంబు లేదు, రేకుపెట్టె ఉంది. ఎవరో "శుభం" అనబోయి ఆగారు. ఆమె వెనక, మలుపులో, ఎద్దుల మెడగంటలు వినిపించాయి. అప్పలసూరి బండి తొట్టిలో తలొంచుకుని కూర్చున్నాడు. అప్ప వైపు చూడలేదు. అలాగని బండీ వెనక్కి తిప్పలేదు.

నరసింగరావు అరుగు దిగి నాలుగడుగులు వేసి నిలబడ్డాడు, ఆమె పక్కకి తప్పుకుంటుందని. సందు ఇరుకు. ఆమె తప్పుకోలేదు. అతనే గోడకి ఒదిగాడు. తాయారు అరుగు కింద విడిచిన తన చెప్పులు తొడుక్కుని, వచ్చిన దారినే మళ్ళీ బండి వైపు నడిచింది.

"ఎదురు రమ్మంటే ఎక్కడికెల్తన్నావే!" అని అరిచింది జగ్గమ్మ.

తాయారు పెట్టె బండిలో పెట్టి, వెనక్కి తిరిగి అంది: "ఎదురొచ్చేను కదత్తా."