ఒంటి తుమ్ము

వారిజ తుమ్మిన తుమ్ము కుర్చీలో కూర్చుని ఉంది. మోకాలెత్తు ఉంటుంది, కాస్త తడిగా ఉంటుంది. దానికెవరో ఉతికిన తువ్వాలు కప్పారు. వచ్చినవాళ్ళంతా దానికి నమస్కారం పెట్టి, వారిజ వంక చూడకుండా వెళ్ళి చాప మీద కూర్చుంటున్నారు.

ఇవాళ రాఘవులు పోయి పదకొండో రోజు. పోయిన నాటి పొద్దున అతను బండి తాళం తీసుకుని గడప దాటబోతుంటే వెనకనుంచి భార్య వారిజ తుమ్మింది, ఒక్కటే. రెండోది వస్తే దోషం పోతుందని ఇంటిల్లిపాదీ ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. రాలేదు. తల్లి ఆదెమ్మ కొడుకుని వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, అయిదు నిమిషాలాగి పంపింది. మలుపులో లారీ గుద్దింది.

చంపింది తుమ్మేనని పెద్దలు తేలిస్తే వారిజ ఒక్కతే పుట్టింటికి పోవాలి. ఆరేళ్ళ పల్లవి నాయనమ్మ దగ్గరే ఉండిపోతుంది. వారిజకు ఇంకేమీ అక్కర్లేదు, ఆ పిల్ల కావాలి. పల్లవి వసారా ఆ చివర గోడకేసి తిరిగి కూర్చుని ఉంది. ఇద్దరి మధ్యా ఆరు నాపరాళ్ళున్నాయి.

రాఘవులు పెదనాన్న చలమయ్య గొంతు సవరించుకుంటాడు. "తుమ్మిన తర్వాతే గదా పోయాడు. కాబట్టి తుమ్మే చంపింది."

ఏడో రాయి నేలలోంచి లేచి మిగతావాటి పక్కన సర్దుకుంటుంది. పల్లవి అంత దూరం జరిగిపోతుంది. ఎవరూ వింతపడరు. ఈ ఇంట్లో ఎవరైనా 'కాబట్టి' అన్నప్పుడల్లా నేల ఒక రాయి పెరుగుతుంది. పెళ్ళైన కొత్తలో వారిజ వంటగదికి నాలుగంగల్లో వెళ్ళేది. ఇప్పుడు నీళ్ళబిందెతో బయల్దేరితే మధ్యలో ఒకసారి దించుకోవాలి.

"మావయ్యగారూ, మన వీధంతా కారం మిల్లులే. తుమ్మని మనిషెవరున్నారు?"

"అయ్యి కారం తుమ్ములమ్మాయ్. వాటిని పట్టించుకోం. నీది అసలు తుమ్ము."

"అసలుదని ఎట్టా తెలిసింది?"

"మనిషి పోయాడుగా. కాబట్టి అసలుదే."

ఎనిమిదో రాయి లేస్తుంది. ఆదెమ్మ తమ్ముడు వీరాసామి అందుకుంటాడు. వారిజ నాన్న పేకాటలో పడి ఊరందరితో తగువులు పెట్టుకున్నవాడు కాబట్టి ఈ పిల్ల మాట నమ్మేదేంది అంటాడు. వీధి వీధంతా తుమ్మే చంపిందంటోంది, కాబట్టి అదే నిజమంటాడు. రెండు రాళ్ళు ఒకదాని వెంట ఒకటి లేస్తాయి. నలుగురిలో అతను ఇంత ఇష్టంగా మాట్లాడటం ఇదే మొదలు.

"పోనీ దాన్నే అడగండి," అంటుంది వారిజ.

అడుగుతారు. తుమ్ము నోరు మెదపదు.

"కాదన్లేదు. కాబట్టి ఒప్పుకున్నట్టే," అంటాడు చలమయ్య.

పదకొండు. ఇక్కణ్ణుంచి చూస్తే పల్లవి జడ కూడా సరిగ్గా కంటికి ఆనడం లేదు.

వారిజకు ఒళ్ళు మండిపోతుంది. మొగుడి కోసం ఏడవడానిక్కూడా తీరిక ఇవ్వని ఈ మనుషులంటే అసహ్యమేస్తుంది. ఆదెమ్మ వైపు తిరుగుతుంది.

"ఆపకుండా పంపించుంటే లారీకంటే ముందే మలుపు దాటేవాడు అత్తయ్యా. కూర్చోబెట్టింది మీరు. కాబట్టి మీరే చంపారు."

ఆదెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంటుంది. ఒక్క క్షణం వారిజ కడుపు చల్లబడుతుంది. వెంటనే పన్నెండో రాయి లేస్తుంది. నేలకు ఎవరి నోటి మాటైనా ఒకటే.

"నీకూ అబ్బిందే," అంటాడు చలమయ్య, మెచ్చుకోలుగానే.

ఇంతలో విస్తళ్ళు వేస్తారు. తుమ్ముకూ ఒకటి వేస్తారు. నోటినిండా అన్నం ఉన్నప్పుడు 'కాబట్టి' అనడం ఎవరికీ కుదరదు. వారిజ ఆ అదను చూసుకుని పరుగెడుతుంది. కాళ్ళకింద రాళ్ళు పెరగడం లేదు. పప్పులోకి నెయ్యి అడుగుతున్న గొంతులు వెనకబడతాయి.

పల్లవి భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంటుంది. పిల్ల మొహాన ముక్కు లేదు. ఉండాల్సిన చోట చెంపలాగే నున్నగా ఉంది.

"నేనే తీసేశానమ్మా," అంటుంది పల్లవి. "అదుంటే తుమ్మొస్తది. తుమ్మొస్తే ఎవరో ఒకళ్ళు చచ్చిపోతారంట. ఇంక నువ్వు బయటికెళ్ళినా నీకేం గాదు."

వారిజ పిల్లను ఒళ్ళోకి లాక్కుంటుంది. పల్లవి కళ్ళు పొడిగానే ఉన్నాయి. అమ్మకు చూపిద్దామని మెల్లగా పిడికిలి విప్పుతుంది. అరచేతిలో చిన్న ముక్కు, ఏడ్చి ఏడ్చి అప్పుడే ఆగినట్టు, ఎగబీలుస్తూ ఉంది.