ఎర్ర పుస్తకంలో సబ్బక్క

ఆ ఆసుపత్రి రెండో అంతస్తులో, రోగాల పురుగుల్ని పెంచి పేరు పెట్టే లాబ్‌లో, తొట్టి దగ్గర సబ్బు అరిగిపోయిందంటే అందరూ ఒక్కరి వైపే చూసేవాళ్లు. ఆమెకు సబ్బక్క అని పేరు పెట్టిందెవరో ఇప్పుడెవరికీ గుర్తులేదు కానీ, పెట్టినవాళ్లు మాత్రం చక్కగా పెట్టారు. కుర్చీలో కూర్చునే ముందు చేతులు కడుగుతుంది, లేచాక కడుగుతుంది, ఎవరైనా ముచ్చటపడి చెయ్యి కలిపితే వాళ్లు గుమ్మం దాటేదాకా ఓపిక పట్టి మళ్లీ కడుగుతుంది. ఆ వేళ్ల చర్మం ఎండి, పగిలి, ముట్టుకుంటే గరుగ్గా తగిలేది.

ఇరవయ్యారేళ్లుగా ఆమె చేసే పని ఒకటే. రోగుల రక్తమో కఫమో పుండు కారిన చీమో సీసాల్లో పైకి వస్తుంది. సన్నటి తీగ కొసతో ఒక చుక్క తీసి, అరచేతిలో పట్టేంత గుండ్రటి ప్లేట్లలో గడ్డకట్టించిన ఎర్రటి మేత మీద గీస్తుంది. వాటిని ఒంటి వేడంత వేడి ఉన్న అరలో పెడుతుంది. మర్నాడు ఏం మొలిచిందో చూస్తుంది. ఆ మేత వండేది ఇంకొకాయన. రక్తం కలిపి, కాచి, ఆరబోసి రోజూ వంద ప్లేట్లు పోస్తాడు కాబట్టి ఆయన్ని వంటమాస్టరు అనేవాళ్లు. "మీరు తినేదానికి వంకలు పెడతారు. నా వంట తినేవాళ్లు ఒక్కరూ ఇంతవరకు మూతి తిప్పలేదు" అని ఆయన గొప్ప.

ఆ లాబ్‌లో ఎర్ర అట్ట పుస్తకం ఒకటుంది. రోగిది కాని పురుగు, గాలిలోంచో పనిచేసేవాళ్ల చేతి నుంచో వచ్చి ప్లేటు మీద మొలిస్తే ఆ ప్లేటు ఇక పనికిరాదు, పారెయ్యాలి. అయితే పారేసే ముందు ఎర్ర పుస్తకంలో రాయాలి. ఎవరి చెయ్యి, మచ్చ ఎక్కడుంది, ఎంత వెడల్పు, ఏం రంగు, చుట్టూ ఏముంది. ఈ ఐదు గళ్లూ నింపందే పారేసే సంచీ మూతి విప్పడానికి వీల్లేదు. ఇది పెద్ద డాక్టరమ్మ పెట్టిన పద్ధతి. "తప్పును పారేసేముందు ఒకసారి దాని మొహం చూడండి" అనేది ఆవిడ. అందరూ లోపల విసుక్కుంటూనే రాసేవాళ్లు. వంటమాస్టరు పేరు అందులో నలభై ఒక్క చోట్ల ఉంది. సబ్బక్క పేరు ఒక్క చోట కూడా లేదు. ఆ సంగతి లాబ్‌లో అందరికీ తెలుసు. తనకు తెలియనట్టు ఉండడం ఆమెకు బాగా అలవాటు.

అలాంటి సబ్బక్కకు ఒకరోజు పైకి వచ్చిన సీసా మీద తన తమ్ముడి పేరు కనబడింది.

తమ్ముడు బస్సుల డిపోలో మెకానిక్. ఆమె కంటే పదకొండేళ్లు చిన్న. అమ్మ మిల్లులో షిఫ్టులకు పోతుంటే వాడికి నీళ్లు పోసి, తల దువ్వి, బడికి తోలింది అక్కే. ఇప్పటికీ వాడు ఇంటికొస్తే ముందు వాడి గ్రీజు చేతుల్ని తొట్టి దగ్గరికి లాక్కెళ్లేది. "నువ్వు రుద్దిన రుద్దుడికి నా చేతిలో గీతలు చెరిగిపోయాయే అక్కా. అదృష్టరేఖ ఎటు పోయిందో నిన్నే అడగాలి" అని వాడు నవ్వేవాడు.

రెండు నెలల కిందట పన్ను పీకించుకున్నాడు. ఆ తరవాత కొన్నాళ్లకు, సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు వెచ్చబడడం మొదలైంది. పనివల్ల అలసటన్నాడు, ఎండ అన్నాడు. చొక్కా ఒంటి మీద వేలాడేదాకా వచ్చాక అక్క చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కొచ్చింది. గుండె డాక్టరు స్కాన్ తీసి, పుట్టుకతోనే కాస్త వంకరగా ఉన్న కవాటం మీద చిన్న గడ్డ ఒకటి ఊగుతోందని చెప్పాడు.

"రక్తంలో ఏదో చేరిందమ్మా. మీ లాబ్ దాని పేరు చెబితే దానికి తగిన మందు పెడతాను. అందాకా ఉజ్జాయింపుగా వేస్తున్నాను, జ్వరం లొంగడం లేదు. కవాటం చిరిగితే ఆపరేషన్ తప్పదు. ఈ ఒంటితో ఆపరేషనంటే..." అని ఆయన ఆగిపోయాడు. ఆమెకు మిగతాది ఎవరూ చెప్పక్కర్లేదు.

మందు మొదలుపెట్టకముందే మూడుసార్లు రక్తం తీసి మూడు సీసాల్లో పోశారు. సీసాలో ఏదైనా పెరిగితే మిషను కూస్తుంది. మూడింటికీ కూసింది. మొదటి సీసాలోంచి చుక్క తీసి, గాజుపలక మీద రంగు వేసి, సబ్బక్క మైక్రోస్కోపులోకి వంగింది. ఊదారంగు పూసలు, తెగిన దండల్లా, అక్కడక్కడా. "దొరికావు" అంది పళ్లు బిగించి. ఆ చుక్కనే ప్లేటు మీద గీసి అరలో పెట్టింది.

మర్నాడు ప్లేటు ఖాళీ. ఆ మర్నాడూ ఖాళీ. రెండో సీసాదీ అంతే. సీసాలో అంత స్పష్టంగా కనబడినవి, ప్లేటు మీదికి వచ్చేసరికి మాయం. వంటమాస్టరు తన వంటలో ఏదో తగ్గిందేమోనని రెండుసార్లు కొత్తగా కాచాడు. ప్లేటు మీద మొలవనిదానికి పేరు పెట్టలేరు, ఏ మందుకు చస్తుందో చూడలేరు. ఇక మిగిలింది మూడో సీసా.

"ఇది నువ్వు చెయ్యకు. నీ తమ్ముడిది. ఇంకెవరైనా చేస్తారు" అంది పెద్ద డాక్టరమ్మ.

"నా చెయ్యి మీద నాకు నమ్మకం ఉంది డాక్టరమ్మా" అంది సబ్బక్క. ఆ మాటలో ఉన్న గర్వం ఆమెకు ఆ క్షణంలో వినబడలేదు.

"సరే. ఈసారి కొవ్వొత్తి జాడీలో పెట్టు. ఊరికే మూత తీసి చూడొద్దు. రెండు రోజులు దాని మానాన దాన్ని వదిలెయ్."

కొవ్వొత్తి జాడీ అంటే పెద్ద గాజు జాడీ. ప్లేటు లోపల పెట్టి, పక్కన కొవ్వొత్తి వెలిగించి మూత బిగిస్తారు. లోపలి గాలి కొంత ఖర్చయ్యాక మంట దానంతటదే ఆరిపోతుంది. కొన్ని పురుగులకు ఆ గాలి హితవు. తీగ సరిగా పట్టు దొరకదని గ్లవ్స్ తీసేసి సబ్బక్క ప్లేటు మీద గీతలు గీసింది. మూత పెట్టబోతుంటే సీసా మీది పేరు కంటపడింది. చెయ్యి వణికింది. మూత జారింది. చటుక్కున పట్టుకుంది. ఏమీ తగల్లేదులే అనుకుంది. తగిలిందేమో అని కూడా అనుకుంది. కొవ్వొత్తి వెలిగించి జాడీ మూసేసింది.

ఆ రెండు రోజులూ ఆమెకు గడవలేదు. వార్డుకు పోతే తమ్ముడు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. గ్రీజు వదిలిపోయి వాడి చేతులు తెల్లగా, ఎవరివో చేతుల్లా ఉన్నాయి. "ఇప్పుడు చూడు, ఎంత శుభ్రంగా ఉన్నానో. నీ కోరిక తీరింది" అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు. మెట్ల మలుపులో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మూడోనాడు పొద్దున్నే జాడీ తెరిచింది. ప్లేటు మధ్యకు కాస్త పక్కగా ఒక్కటే మచ్చ ఉంది. ఆవగింజంత, తెల్లగా, నిగనిగలాడుతూ. చూడగానే పోల్చుకుంది. మనుషుల చర్మం మీద కాపురముండే రకం. ఎవరి చర్మమో వేరే అడగాలా? తీగ గీసిన రెండు గీతల నడుమ, మూత జారినచోట ఉంది.

మళ్లీ మొదటి నుంచి అంటే ఇంకో రెండు రోజులు. సీసాలో ఉన్నవి అప్పటిదాకా బతికుంటాయో లేదో. తమ్ముడి రెండు రోజుల్ని తన వేలే తినేసింది.

వంటమాస్టరు వెనకనుంచి చూశాడు. ఆయనకు చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఇటివ్వమ్మా, సంచీలో పడేస్తాను. ఎవరు చూశారు?"

"నేను చూశాను."

"అయితే నా పేరు రాసెయ్. నలభై ఒకటికి ఇంకొకటి తోడైతే నా పరువేం పోదు."

సబ్బక్క ఒక్క క్షణం తటపటాయించింది. అబద్ధమెందుకు, ఆ క్షణంలో ఆమె నిజంగానే ప్లేటు ఆయన చేతికివ్వబోయింది. తరవాత ఎర్ర పుస్తకం లాక్కుని, మొదటి గడిలో తన పేరు రాసింది. ఇరవయ్యారేళ్లలో మొదటిసారి. కన్నీళ్లు అక్షరాల మీద పడకుండా తల వెనక్కి పెట్టి రాసింది.

రెండో గడి, మచ్చ ఎక్కడుంది. రాసింది. మూడో గడి, ఎంత వెడల్పు. స్కేలు పెట్టి కొలిచింది, మూడు మిల్లీమీటర్లు. నాలుగు, రంగు. తెలుపు. ఐదో గడి, చుట్టూ ఏముంది. ఆ గడిలో ఎవరైనా ఒకటే రాస్తారు, ఏమీ లేదు అని. ఆమె కూడా "ఏ" అని రాసింది. కానీ సబ్బక్క సబ్బక్కే కదా, చూడకుండా రాయడం చేతకాదు. భూతద్దం తీసి, ప్లేటును కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టుకుంది.

తెల్ల మచ్చ చుట్టూ ఏదో మెరిసింది.

భూతద్దం తుడిచి మళ్లీ చూసింది. గసగసాల గింజలో సగం కూడా లేని చుక్కలు. గాజులా తేటగా, తెల్లారి గడ్డి మీది మంచులా. మచ్చకు దగ్గర్లో ఒత్తుగా ఉన్నాయి. దూరం జరిగేకొద్దీ చిన్నవైపోయాయి. వేలెడు దూరం దాటాక ఒక్కటీ లేదు. మిగతా ప్లేటంతా బోడిగా ఉంది. చలిమంట చుట్టూ మనుషులు చేరినట్టు అవన్నీ ఆ ఒక్క మచ్చను చుట్టుకుని కూర్చున్నాయి.

సబ్బక్క కలం పక్కన పెట్టేసింది. "మాస్టారూ, డాక్టరమ్మను పిలవండి" అంది.

పెద్ద డాక్టరమ్మ భూతద్దంలోంచి చూసింది. కళ్లద్దాలు తీసి మళ్లీ చూసింది. తరవాత నెమ్మదిగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఆవిడ అలా కూర్చోవడం ఆ లాబ్‌లో ఎవరూ చూడలేదు.

"పుస్తకాల్లో చదివాను. ఇన్నేళ్లలో కళ్లారా చూడలేదు" అంది. "ఈ చుక్కల్లో ఉన్నది సొంతంగా వండుకోలేని పురుగు. దీనికి ఒక విటమిన్ కావాలి, దాన్ని తయారు చేసుకునే తెలివి దీనికి లేదు. సీసాలో మీవాడి రక్తమే దానికి అన్నం పెట్టింది, బతికింది. మన ప్లేటు మీద ఆ ఒక్కటీ సరిపడా దొరకలేదు, పస్తుండి చచ్చింది. నీ వేలి నుంచి పడినవాడు తన వంటలో మిగిలింది చుట్టూ ఒలకబోశాడు. ఆ ఎంగిలి తిని ఇవి లేచాయి."

"అయితే నా వంట బాగాలేదనేగా!" అన్నాడు వంటమాస్టరు. ఎవరూ నవ్వలేదు, ఆయనా నవ్వలేదు. ముగ్గురూ ఆ ప్లేటు కేసే చూస్తున్నారు.

పుట్టినప్పటి నుంచీ అది తమ్ముడి నోట్లోనే, పళ్ల సందుల్లో, ఇరుగుపొరుగును నమ్ముకుని ఎవరికీ కనబడకుండా బతికి ఉంటుంది. పన్ను ఊడిన దారిన రక్తంలో పడి, వంకర కవాటం దొరికితే అక్కడ గూడు కట్టింది. అంత చిన్న ప్రాణి, అన్నం వండుకోలేని ప్రాణి, నిలువెత్తు మనిషిని మంచాన పడేసింది. దాన్ని పట్టిచ్చింది ఇంకో చిన్న ప్రాణి. ఇరవయ్యారేళ్లుగా తాను సబ్బుతో తరుముతూనే ఉన్నా, తన వేలిని వదలకుండా కాపురమున్నది. ఎంత లోకం ఇది, ఎక్కడ పెట్టుకున్నావు తల్లీ ఇన్నాళ్లూ, అనుకుంది సబ్బక్క. ఎవరిని అడుగుతోందో తనకే తెలియలేదు.

"ఖాయం చేసుకోవాలి. ఆ చుక్కల్ని కొత్త ప్లేటంతా పూసి, మధ్యన వేలిపురుగుతో ఒక గీత గియ్యి. ఫ్రిజ్‌లో పరీక్షల కోసం దాచిన అలాంటి పెంపుడు రకమే ఉందిగా, అది తీసుకో" అంది డాక్టరమ్మ.

"వద్దు. ఇదే వాడతాను" అంది సబ్బక్క.

ఈసారి గ్లవ్స్ వేసుకుంది. చెయ్యి వణకలేదు. మర్నాడు జాడీ తెరిస్తే, మధ్యలో తెల్లటి గీత, గీతకు రెండు పక్కలా మంచుచుక్కల బారులు, వాటి అవతల బోడి నేల. డాక్టరమ్మ ఫోను తీసి గుండె డాక్టరుకు పేరు చెప్పింది. ఈ రకానికి ఒక్క మందు చాలదు, రెండు కలిపి వెయ్యాలి, వారాల తరబడి వెయ్యాలి అని కూడా చెప్పింది. ఆ సాయంత్రమే మందులు మారాయి.

ఎర్ర పుస్తకంలో ఆ పుట చించేద్దామా అని వంటమాస్టరు అడిగాడు. సబ్బక్క ఒప్పుకోలేదు. సగంలో ఆగిన ఐదో గడిలో "ఏ" కొట్టేసి, "నా తమ్ముడు" అని రాసింది. రిజిస్టరులో అలా రాయకూడదు. పెద్ద డాక్టరమ్మ చూసి, కింద సంతకం పెట్టింది.

ఐదో రోజు సాయంత్రం తమ్ముడి ఒళ్లు చల్లగా ఉంది. ఆరో రోజూ అంతే. కవాటం చిరగలేదు. ఏడో రోజు వాడు దిండుకు ఆనుకుని కూర్చుని, జరిగిందంతా మొదటి నుంచి చెప్పించుకున్నాడు. మూత జారిన చోట మధ్యలో ఆపి, ఇంకోసారి చెప్పమన్నాడు.

"ఏ వేలు అక్కా?"

"ఏమోరా. జారుతుంటే పట్టేసుకున్నాను. ఏ వేలు తగిలిందో చూసుకోలేదు."

"అయితే అన్నీ ఇలా ఇయ్యి."

ఆ ఎండిన, పగిలిన వేళ్లను వాడు ఒక్కొక్కటే పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ఏదీ వదల్లేదు, పదీ అద్దుకున్నాడు. వాడి కళ్లు తడిగా ఉన్నాయి. సబ్బక్క చేతులు వెనక్కి తీసుకోలేదు. వార్డులో దీపాలు వేసేదాకా అలాగే కూర్చుంది, చేతులు కడుక్కోవాలన్న సంగతే ఆమెకు గుర్తురాలేదు.