ఆదివారం పొయ్యి

సోమవారం బట్టలు. మంగళవారం జొన్నలు దంచడం. బుధవారం తిరగలి. గురువారం పిడకలు. శుక్రవారం ఇల్లు అలకడం. ఇక శనివారం సంగతి నా నడుముకే తెలుసు. రెండు రోజులకు సరిపడా నీళ్లు మోయాలి, కట్టెలు చేరేయాలి, ఆదివారానికి కూడా వండి ఉట్టిమీద పెట్టి పొయ్యి ఆర్పాలి. ఎందుకంటే మా అత్త హన్నమ్మ ఇంట్లో ఆదివారం పొయ్యి వెలగదు. ఆ రోజు ఎవరూ బండెక్కి ఊరు దాటకూడదు.

"దేవుడంతటోడే ఏడో రోజు ఆగాడు. నీకేం తొందరే?" అనేది. ఆయనకు అత్త లేదు, ఎన్నాళ్లయినా ఆగుతాడు అని లోపల్లోపల పళ్లు నూరుకునేదాన్ని.

యుద్ధం నడుస్తున్న రోజులవి. మాది గురజాల పక్క పల్లె, నా పుట్టిల్లు దాచేపల్లి. అటూ ఇటూ బండి తోలే బాజీ ఒకరోజు మా వాకిట్లో ఆగాడు.

"రాహేలక్కా, మీ అమ్మ చానా చిక్కిపోయిందక్కా. జొరం ఇడవట్లేదు. ఒక్కసారి పోయి చూసి రా."

ఆ పూట ముద్ద దిగితే ఒట్టు. అమ్మను చూడాలి, అంతే. మా ఆయన రాజారత్నం మిషన్ బడిలో పంతులు. బడిలో ఆయన గొంతుకు పిల్లలు హడలిపోతారు, ఇంట్లో తల్లి ముందు ఆ గొంతే పెగలదు. "అమ్మనడుగు" అని తప్పించుకున్నాడు. అడిగాను.

"పోబాకన్నానా? పని లేని రోజు చూసుకుని పో" అంది అత్త.

పని లేని రోజు ఆదివారం ఒక్కటే. ఆదివారం బండెక్కకూడదు. చూశారా న్యాయం!

సరే, ఒక రోజును నేనే ఖాళీ చేసుకుంటానని పంతం పట్టాను. మంగళవారం జొన్నలు దంచిన చేతులతోనే బుధవారం విసరాల్సిన పిండి కూడా విసిరేశాను. బుధవారం పిడకలన్నీ గోడకు చరిచాను. అరచేతులు బొబ్బలెక్కాయి, ఎక్కనీ! గురువారం పొద్దున్నే తల దువ్వుకుని, మూట చంకనపెట్టుకుని వాకిట్లో నిలబడ్డాను.

అత్త పిడకల గోడ చూసింది, పిండి కుండ చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఓసినీ! ఇంత సత్తువ పెట్టుకుని ఇన్నాళ్లూ నన్ను ఏమారుస్తున్నావటే? ఇంక నీ ఆడబిడ్డ ఇంటి పిండి కూడా నువ్వే విసురు. అది వట్టి మనిషి కాదు, తిరగలి ముందు కూర్చోలేకపోతంది."

అప్పటికప్పుడు జొన్నల బస్తా తెప్పించింది. ఆ గురువారం పోయింది. ఆ తర్వాతి గురువారాలూ పోయాయి. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

ఒక ఆదివారం గుడి నుంచి వచ్చేసరికి వాకిట్లో బాజీ బండి ఉంది. అరుగుమీద దుప్పటి కప్పుకుని మా అమ్మ కరుణమ్మ కూర్చుని ఉంది. అయ్యో, ఆ బుగ్గలేవి, ఆ చేతులేవి!

"మిగతా రోజులు నీకు తీరదుగా తల్లీ, అందుకే ఇయ్యాల వచ్చా" అంది.

ఒళ్లు కాలిపోతోంది. ఏమైనా తింటావా అమ్మా అన్నాను.

"ఏడిగా రవ్వంత జావ..." అంటూనే నాలిక కరుచుకుంది. "ఉన్నదేదో పెట్టులే."

నేను లోపలికి వెళ్లి పొయ్యి రాజేశాను. పొగ వాసనకు అత్త పరుగెత్తుకొచ్చింది.

"ఏమే! ఏం జేస్తున్నావే?"

"జావ కాస్తున్నా."

"మీ మామ కన్నుమూసిన ఆదివారం కూడా ఈ పొయ్యి ఎలగలా!"

"ఇయ్యాల ఎలుగుద్ది" అన్నాను. ఆ మాట అన్నది నేనేనా అని నాకే దడ పుట్టింది. గుమ్మంలో మా ఆయన నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

జావ ముంతలో పోసి అమ్మ చేతికిచ్చాను. రెండు చేతులా పట్టుకుని ఆ వేడికి కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచాక నా వెనక నిలబడ్డ అత్తను చూసింది. ముంత కింద పెట్టేసింది.

"దీనికి బుద్ధి లేదొదినా. నేనడక్కుండానే కాసింది. ఆదివారం పూట నాకెందుకీ జావ? ఇంత సద్దికూడు పెట్టించు" అంది.

"తాగమ్మా! నీకోసమేగా నేను కాసింది!"

అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. చెవిలో అంది: "నేను తాగేసి బండెక్కి పోతానే. రేపట్నించి ఈ కొంపలో ఉండాల్సింది నువ్వు."

వణుకుతూనే ఆ చల్లటి అన్నం తింది. ఒక్కో ముద్దకూ ఒక్కో గుక్క నీళ్లు. అత్త మురిసిపోయి, దగ్గర కూర్చుని పచ్చడి వేసింది. బండి కదిలాక, "మీ అమ్మను చూసి నేర్చుకో" అంది నాతో. ఆ జావ పారబోయడానికి చేతులు రాలేదు. మళ్లీ కాచి, అత్త చూస్తుండగానే నిలబడి తాగాను. గొంతు కాలింది, ఏడుపొచ్చింది, అయినా చుక్క మిగల్చలేదు.

ఆ వారం తిరక్కుండానే మా అమ్మ పోయిందని బాజీ కబురు తెచ్చాడు. అత్త చేస్తున్న పని ఆపి నా దగ్గరికొచ్చి, నా చేతిలోంచి రోకలి తీసుకుంది.

"చావుకు పోయేదానికి అడ్డేముందే? పోయి రా" అంది.