జంగమ్మ మడికి ఒక బండి ఎరువు

భిక్షపతి కుడిచెయ్యి మోచేతి దాకా కుప్పలో ఉంది. కళ్లు మూసుకుని మనసులో అంకెలు లెక్కపెడుతున్నాడు. ఇరవై దాకా ఉంచగలిగితే కుప్ప చల్లారినట్టు. పన్నెండు దగ్గరే తట్టుకోలేక చెయ్యి లాగేశాడు. పిడికిట్లో వచ్చినదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. పల్లికాయ పొట్టు మెత్తబడింది గానీ ముక్కలు ఇంకా వేళ్లకు తెలుస్తున్నాయి. పాత నూనె కంపు పోయింది. పుల్లటి వాసన మాత్రం మిగిలింది. అది కూడా పోయి వానకు తడిసిన నేల వాసన రావాలంటే ఇంకో ఇరవై రోజులు పడుతుంది.

ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటి సాగర్ రోడ్డు వైపు తిరిగితే, టైర్ల దుకాణాల వెనక ఉంది ఆ నూనె మిల్లు. భిక్షపతి అందులో చేరి ఇరవై ఎనిమిదేళ్లయింది. పల్లీలు పోసేవాడు ఒకడు, మిషన్ నడిపేవాడు ఒకడు, డబ్బాలు నింపేవాడు ఒకడు. ఆ తర్వాత మిగిలేదంతా భిక్షపతిది. పొట్టు, దుమ్ము, వడకట్టే గుడ్డలకు అంటుకున్న పిప్పి, ట్యాంకు అడుగున పేరుకునే నల్లటి మడ్డి. పల్లిచెక్కను పశువుల దాణాకు పట్టుకుపోయేవాళ్లున్నారు. వీటిని అడిగేవాళ్లు లేరు. మొదట్లో అతను వీటిని వెనకున్న నాలాలో పారబోసేవాడు. నాలా నిండి కాలనీవాళ్లు గొడవకు వచ్చాక, పారబోయడం మానేసి కుప్ప వెయ్యడం మొదలుపెట్టాడు. కొత్తపేట పళ్ల మార్కెట్లో మామిడికాయల కింద పరిచి పారేసే వరిగడ్డి తెచ్చేవాడు. బర్రెల కొట్టాల్లోంచి పేడ తెచ్చేవాడు. పొర మీద పొర పరిచి, నీళ్లు చల్లి, ఎనిమిది రోజులకోసారి తిరగేసేవాడు. ఎవరూ చెయ్యమనలేదు. వద్దని కూడా అనలేదు.

యాభై ఆరేళ్ల పొట్టి మనిషి. మడమల పగుళ్లలో మడ్డి చేరి నల్లటి గీతలుగా మిగిలిపోయింది. ఎడమచేతి కంటే కుడిచెయ్యి ఒక చాయ నలుపు. దిల్‌సుఖ్‌నగర్ వెనక కిరాయి గదిలో అతని భార్య రాజేశ్వరమ్మ అతని సబ్బును వేరే డబ్బాలో పెడుతుంది. పోచంపల్లి దగ్గర మగ్గమున్న ఇంట్లో పుట్టాడు. కానీ చేతులకు చెమట ఎక్కువని, పట్టు మీద మరకలు పడుతున్నాయని తండ్రి అతన్ని మగ్గం గుంటలో కూర్చోనివ్వలేదు. మరకలకు లెక్కలేని పని చూసుకొమ్మన్నాడు. చూసుకున్నాడు.

సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులైంది. బస్సుల్లేవు. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. ఇవాళ ఆటోలు కూడా బంద్. దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచే వచ్చాడు. మిల్లు నోరు మూసుకుని ఉంది. మిషన్ చప్పుడు లేక కుప్ప మీద వాలే పిట్టల చప్పుడు కూడా వినబడుతోంది.

యజమాని విశ్వేశ్వరరావు పెరట్లోకి వచ్చి కుప్ప పక్కన నిలబడ్డాడు. తెనాలి దగ్గర నుంచి వచ్చి ఇక్కడ మిల్లు పెట్టినప్పుడు ఆయన జుట్టు నల్లగా ఉండేది.

"భిక్షపతీ, అయిపోయిందయ్యా. నిన్న సంతకాలు పెట్టేశాను. రేపు జేసీబీ వస్తుంది. షెడ్డు కూల్చి ఫంక్షన్ హాలు కడతారంట."

భిక్షపతి చేతులు దులుపుకున్నాడు. "సమ్మె ఎన్నొద్దులుంటది సార్. అయిపోతది గద."

"సమ్మె వల్ల కాదులే. సమ్మె ఆగిపోయినా నాకు ఓపిక లేదు. ముప్పై ఏళ్లు ఇక్కడున్నాను. ఇప్పుడు మీది ఏ ఊరు అని ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలో తెలియట్లేదు."

మిల్లు గేటు మీద ఎవరో 'జై తెలంగాణ' అని రాసి నెలయింది. దాన్ని చెరిపెయ్యమని విశ్వేశ్వరరావు చెప్పలేదు, భిక్షపతి చెరపలేదు. అతనికీ తెలంగాణ రావాలనే ఉంది. ఈయన పోవాలని మాత్రం లేదు.

"ఈ కుప్ప ఏం జేస్తరు సార్?"

"దాన్నెందుకు ఉంచుతారు? నాలాలోకి తోసేస్తారు."

"ఇంక ఇరవై దినాలుంటే అయిపోతుండె."

"రేపటి దాకానే నా చేతిలో ఉంది. నీకు కావలసినంత తీసుకెళ్లు." విశ్వేశ్వరరావు వెళ్లబోయి ఆగాడు. "ఆ తోపుడు బండి కూడా నువ్వే ఉంచుకో."

భిక్షపతి కుప్పలో నడిమి భాగం తవ్వాడు. బాగా మాగింది అక్కడే ఉంటుంది. బండి నిండా ఎత్తి, తడి గోనెలు కప్పి, తాడు బిగించాడు. ఎక్కడికి పోవాలో ఆలోచించాల్సిన పని లేదు. ప్రతి ఏడూ మొదటి బండి బడంగ్‌పేటలో జంగమ్మ మడికే పోతుంది. ఈ ఏడు మొదటిదీ చివరిదీ ఒకటే.

దానికి కారణం అతనొక్కడికే తెలుసు. పదిహేడేళ్ల కింద, కుప్ప వెయ్యడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న రోజుల్లో, జంగమ్మ ఆకుకూరలు అమ్ముకోవడానికి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి మాటల్లో ఎరువు అడిగింది. అతను సంబరంగా నెల కూడా నిండని కుప్పను, పచ్చి మడ్డి కలిసినదాన్ని, డీసీఎం వ్యాన్లో పంపించాడు. పది రోజులకు ఆమె పాలకూర పసుపెక్కింది. పదిహేను రోజులకు మడంతా మాడిపోయింది. చూడటానికి పోయినప్పుడు ఒక మొక్క పీకి వాసన చూశాడు. వేరు నల్లబడి, పాత నూనె కంపు కొట్టింది. జంగమ్మ మాత్రం, "ఎవని దిష్టో తగిలింది తమ్మీ" అని, అతన్ని కూర్చోబెట్టి జొన్నరొట్టె పెట్టింది. రొట్టె తిన్నాడు. నోరు విప్పలేదు. ఆ ఏడే ఆమె కొడుకు మధును బడి మాన్పించి తాపీ పనికి పంపింది.

ఆ తర్వాత చెయ్యి కాలని కుప్పనే అతను గడప దాటనిచ్చాడు. ఇవాళ ఒక్కటే వేడి చల్లారకుండా పోతోంది. ఏటా బండి దింపినప్పుడల్లా ఆ మాట నాలుక చివరి దాకా వచ్చేది. వచ్చే ఏడు చెప్పొచ్చులే అనుకునేవాడు. ఇక వచ్చే ఏడు లేదు.

కర్మన్‌ఘాట్ దగ్గర రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చి ఉన్నాయి. పక్కన టెంటు కింద దీక్షలో కూర్చున్నవాళ్లలో ఒకాయన లేచి వచ్చాడు.

"ఏందే అన్నా బండ్ల?"

"ఎరువు. బడంగ్‌పేట పోవాలె."

ఆయన గోనె ఎత్తి చూసి, ముక్కు ముడిచి, మళ్లీ కప్పాడు. ఇంకో ఇద్దర్ని పిలిచి బండి పట్టేంత మేర రాళ్లు పక్కకు జరిపించాడు. "జై తెలంగాణ అన్నా," అన్నాడు. "జై తెలంగాణ," అన్నాడు భిక్షపతి మెల్లగా, ఊపిరి అందక.

మీర్‌పేట చెరువు దాటేసరికి భుజాలు గుంజడం మొదలైంది. రెండు చోట్ల ఆగాడు. ఒక ఇంటి ముందు నీళ్లడిగి సగం తాగి, మిగతా సగం గోనెల మీద చల్లాడు. మనసులో మాటలు పేర్చుకుంటున్నాడు. అక్కా, ఆ ఏడు దిష్టి గాదే. కాదు, అట్లా మొదలుపెట్టకూడదు. అక్కా, నువ్వు నన్ను తిట్టాలె. అది కూడా బాగాలేదు.

మడి దగ్గరికి చేరేసరికి పొద్దు వాలుతోంది. చుట్టూ తెల్లటి హద్దు రాళ్లు పాతిన ప్లాట్ల మధ్య ఆ అరెకరం ఒక్కటే పచ్చగా ఉంది. అందులోనూ కొత్తిమీర కోసేవాళ్లు లేక పూతకు వచ్చేసింది. బోరు దగ్గర జంగమ్మ కోడలు సుచిత్ర బిందె కడుగుతోంది. బండిని చూసి లేచి నిలబడింది.

"అక్క ఏదీ?" అన్నాడు భిక్షపతి.

సుచిత్ర కొంగు చేత్తో పట్టుకుంది. "నీకు తెల్వదా మామా? తొమ్మిదొద్దులాయె. మూడు దినాలు జరమొచ్చింది. నాలుగో దినం పొద్దున లెవ్వలె. నీకు చెప్పి పంపుదమంటే బస్సుల్లేకపాయె. నీ నంబరు మా దగ్గర లేదు."

బండి పిడులు ఇంకా అతని చేతుల్లోనే ఉన్నాయి. దింపడం మరిచిపోయాడు.

"ఏడ పెట్టిన్రు?"

"గీడనే. మడి శివర్ల."

గట్టు పక్కన మట్టి పోగు ఉంది. మీద చల్లిన బంతిపూలు వాడి గోధుమరంగుకు తిరిగాయి. ఎవరో ఒక చిన్న గన్నేరు కొమ్మ నాటారు. భిక్షపతి బండిని అక్కడిదాకా తోసుకుపోయాడు. గోనె తీసి, రెండు చేతులా ఎరువు ఎత్తి, గన్నేరు మొదట్లో పొయ్యబోయాడు. అరచేతుల్లో ఆవిరి తగిలింది. ఆగిపోయాడు. చేతుల్లో ఉన్నదాన్ని మళ్లీ బండిలోనే వేశాడు.

"పొయ్యవా మామా?" అంది వెనకే వచ్చిన సుచిత్ర.

"ఇంక వేడి సల్లారలె బిడ్డా. ఇప్పుడు పోస్తే ఏర్లు కాల్తయ్."

మడికి దూరంగా, బోరు అవతల నీడలో బండి ఖాళీ చేశాడు. పారతో కుప్పను సర్ది, నీళ్లు చల్లి, గోనెలు కప్పాడు. "ఎనిమిది దినాలకోసారి తిర్గెయ్యాలె. చెయ్యి పెట్టి సూడు. కాల్తే ఆగు."

"మడి ఇంకెన్ని దినాలుంటదో మామా. ఆయన అమ్ముదమంటున్నడు."

"ఉన్నన్ని దినాలు తిర్గెయ్యి."

ఆమె తలూపింది. భిక్షపతి పారను నేలకు ఆనించి, దాని కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడ్డాడు.

"బిడ్డా, ఒక ముచ్చట చెప్త ఇను. శానా ఏండ్ల కింద ఈ మడిల పాలకూర అంత మాడిపోయింది. అక్క దిష్టి అనుకున్నది. దిష్టి గాదు. నేనిచ్చిన ఎరువే. పచ్చిది ఇచ్చిన. నాకు తెలుసు, చెప్పలే."

సుచిత్ర అతని ముఖంలోకి చూసింది. "ఏ ఏడు మామా?"

"మధు బడి బంద్ పెట్టిన ఏడు."

"ఆయనకు సదువు ఎక్కలేదని గద అత్త చెప్తుండె," అంది సుచిత్ర. "మాస్టరు కొడితే ఉరికొచ్చిండంట. నవ్వుకుంట చెప్పేది."

అది జంగమ్మ కోడల్ని నవ్వించడానికి చెప్పిన మాటో, కొడుకు కోసం అల్లిన మాటో, నిజంగానే జరిగిందో చెప్పగలిగిన మనిషి ఆ మట్టి కింద ఉంది.

"కూసో మామా, చాయ్ పెట్టుకొస్త. గంత దూరం తోసుకొచ్చినవ్," అని సుచిత్ర ఇంటి వైపు నడిచింది.

అతను బోరు దగ్గర చేతులు కడుక్కుని, ఆకుకూరలు కట్టలు కట్టే పందిరి కిందకు వచ్చి కూర్చున్నాడు. పందిరి గుంజకు కొట్టిన మేకు నుంచి, అన్నీ ఒకే జానెడు కొలతకు చీల్చిన అరటినార పోగులు ఒక గుత్తిగా వేలాడుతున్నాయి. జ్వరం పడకముందు, మర్నాటి కొత్తిమీర కట్టల కోసం జంగమ్మ చీల్చి పెట్టుకున్నవి. పన్నెండు రోజుల ఎండకు వాటి చివర్లు మెలితిరిగి, గాలి వీచినప్పుడల్లా ఒకదానికొకటి తగిలి సన్నగా చప్పుడు చేస్తున్నాయి.